కృష్ణగిరి సమాజం గోడ మీద ఎర్రగా తేలిన పేర్లు

మా అవ్వ గంగమ్మ బతికినన్నాళ్ళూ ఒకే ఒక గొప్ప చెప్పుకునేది. "కృష్ణగిరి సమాజం గోడ మీద నా పేరే అందరికంటే పైన ఉండాది, పోయి చూసుకోండి" అనేది. మేము నవ్వేవాళ్ళం. అవ్వ ఇళ్ళు కట్టేచోట గార మోసిన కూలి మనిషి. ఆ సమాజం పెట్టినవాళ్ళంతా పాతపేట వ్యాపారుల ఇళ్ళ ఆడవాళ్ళు. వాళ్ళందరికంటే పైన ఈమె పేరెలా ఉంటుంది అనుకునేవాళ్ళం. ఎవరమూ వెళ్ళి చూడలేదు. హోసూరు నుంచి కృష్ణగిరికి గంటన్నర ప్రయాణం. యాభై ఏళ్ళు వచ్చేదాకా ఆ గంటన్నర నాకు దొరకలేదు. మొన్న ఒక శుక్రవారం దొరికింది. ఆ ఒక్క రోజులో ఏం జరిగిందో, అక్కడికి ఎలా వెళ్ళాలో, వెళ్తే ఏం చూడాలో మీకోసం రాస్తున్నాను.

ముందు సమాజం అంటే ఏమిటో చెప్పాలి. స్వాతంత్ర్యం రాకముందు పాతపేటలో కొందరు ఆడవాళ్ళు కలిసి స్త్రీ సమాజం పెట్టుకున్నారు. వీధికి కుళాయి కావాలని, మలుపులో దీపం కావాలని అర్జీలు పట్టుకుని ఆఫీసుల మెట్లెక్కినవాళ్ళు వాళ్ళు. తర్వాత ఒక ఇల్లు కట్టుకున్నారు. పెంకుల కప్పు, రాతి స్తంభాలు, ముందు పొడవాటి అరుగు. లోపల చదువుకునే హాలు, వెనక పురుడు పోసే గది. ఇప్పుడు పురుళ్ళు లేవు కానీ హాల్లో కుట్టు క్లాసులు జరుగుతున్నాయి. నలభై ఏళ్ళుగా అక్కడ కుట్టు నేర్పుతున్న నాగవేణమ్మక్కే నాకు ఫోన్ చేసింది. నేను పదో తరగతి చదివి, ఇంట్లో జాకెట్లు కుట్టుకునే మనిషిని. ఆమెతో నా పరిచయం కూడా కుట్టు వల్లే.

విషయం ఏమిటంటే, ఆ ఇంటి పక్క మామిడికాయల మండీ నడిపే చంద్రప్ప, అది తన తాత కట్టించిన గోడౌను అనీ, జాలిపడి ఆడవాళ్ళను కూర్చోనిచ్చాడనీ, ఇప్పుడు కూలిపోయేట్టు ఉంది కాబట్టి పడగొట్టడానికి అనుమతి ఇవ్వండనీ మున్సిపాలిటీలో అర్జీ పెట్టాడు. సమాజం దగ్గర ఉన్న పత్రాలను చెదలు తినేశాయి. మిగిలిన సాక్ష్యం తూర్పు గోడ ఒక్కటే. ఆ గోడ మీద పేర్లు రాయడం అక్కడి ఆచారం. సమాజంలో చేరిన మనిషి ఏ రోజు తన పేరు తానే రాయడం నేర్చుకుంటుందో, ఆ రోజు గోడకు అరచేయంత సున్నపు గార పూసి, అది ఆరేలోపు మేకుతో ఆమె చేత పేరు రాయించేవాళ్ళు. రాశాక కొత్త పెళ్ళికూతురికి ఇచ్చినట్టు ఎర్రనీళ్ళ హారతి ఇచ్చేవాళ్ళు. అలాంటి పేర్లు ఆ గోడ నిండా ఉన్నాయి. శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు మున్సిపాలిటీ ఇంజినీరు వచ్చి ఇంటిని చూసి రిపోర్టు రాస్తాడని కబురు.

ఆ వారం నాగవేణమ్మక్క జ్వరంతో బర్గూరులో కూతురింట్లో ఉంది. నేను చేయగల సాయం ఏదైనా చేద్దామని కుట్టు క్లాసు పిల్లలకు ఫోన్ చేసి, "పెద్ద ఆఫీసరు వస్తున్నాడు కదమ్మా, ఇల్లు పాతగా కనపడకూడదు, సున్నం కొట్టించండి" అన్నాను. నాకు శుభ్రమంటే తెలుపే. పండగకు సున్నం కొట్టని ఇంట్లో దేవుడు కాలు పెట్టడని మా అమ్మ నేర్పింది. ఆ మాట చెప్పి ఫోన్ పెట్టేసి, మంచి పని చేశానని అమ్మవారికి దణ్ణం కూడా పెట్టుకున్నాను.

శుక్రవారం కాబట్టి నాలుగున్నరకే లేచి తలంటుకుని పూజ ముగించాను. చేతిసంచిలో కుంకుమ భరిణె, ఒక వత్తుల పొట్లం, నిమ్మకాయ పులిహోర పెట్టుకున్నాను. ఇంటి దగ్గర టౌన్ బస్సులో ఆడవాళ్ళకు టికెట్ లేదు. హోసూరు బస్టాండుకు చేరేసరికి ఏడు దాటింది. ఆ వేళప్పుడు బెంగళూరు వైపు బస్సులు కిక్కిరిసి పోతుంటాయి, ఫ్యాక్టరీ బస్సులు రోడ్డంతా ఆక్రమించి ఉంటాయి. కృష్ణగిరి వైపు మాత్రం హాయిగా సీటు దొరుకుతుంది. కానీ ఎక్కేముందు ఒక్క మాట అడగాలి. నేనూ అడిగాను.

"ఊర్లోకి పోతాదా అప్పా?"

"పోతాది, ఎక్కమ్మా. వెనకాల వచ్చే బండి టోల్ గేటు కాడే దించేస్తాది. దాంట్లో ఎక్కినోళ్ళు ఎండలో నిలబడి నన్ను తల్చుకుంటారు" అన్నాడు కండక్టరు. టికెట్ యాభై రూపాయల లోపే అయింది.

ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. శూలగిరి దాకా గుట్టలు బస్సుతో పాటే నడుస్తుంటాయి. శూలగిరి దాటాక టమోటా బుట్టలు ఎక్కించే లారీలు కనిపిస్తాయి. గురుబరపల్లి దగ్గర రోడ్డుకు రెండువైపులా బంతి, చామంతి తోటలు. ఆ రోజు పొద్దుటి ఎండలో బంతి తోట అంతా పసుపు ఆరబోసినట్టు ఉంది. మంచి శకునం అనుకున్నాను. తొమ్మిది కావస్తుండగా కృష్ణగిరి కొండ మీద కోట గోడ కనిపించింది. బస్టాండు బయట షేర్ ఆటోలు ఉంటాయి. పాతపేటకు ఇరవై రూపాయలు. బేరమాడే పని లేదు.

"సమాజం కాడికి పోవల్లప్పా" అన్నాను.

"కుట్టుమిషన్ల ఇల్లా? దాన్ని పడగొడ్తారంట కదమ్మా, కాంప్లెక్స్ వస్తాదంట. మా వాళ్ళు అప్పుడే ముందర ఆటో స్టాండ్ అడుగుతా ఉండారు."

"ఇంకా పడలేదు కదప్పా, పోనీ."

అతను అద్దంలోంచి నన్ను చూశాడు. "మీరు ఆఫీసా?"

"కాదు. జాకెట్లు కుడతాను."

"అయితే కష్టమే" అని నవ్వి, గేరు మార్చాడు. దిగేటప్పుడు చిల్లర ఇచ్చి, "సాయంత్రం ఐదుకు ఈ దావలో వస్తే ఒక చూపు చూసి పోప్పా, ఇల్లు ఆడనే ఉంటాది" అన్నాను.

అరుగు మీద నాగవేణమ్మక్క కూర్చుని ఉంది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. జ్వరం తగ్గినా ముఖం పీక్కుపోయింది. ముందు రోజు రాత్రే బర్గూరు నుంచి వచ్చిందట. నన్ను చూసి లేవలేదు, రమ్మనలేదు.

"ఏమక్కా, అట్ల కూర్చున్నావు?"

"లోపలికి పో రత్నా. పోయి నీ శుభ్రం చూసుకో."

లోపలికి వెళ్ళాను. నాలుగు గోడలూ పాలలో ముంచి తీసినట్టు తెల్లగా ఉన్నాయి. కిటికీలోంచి వచ్చిన వెలుతురుకు కళ్ళు మూసుకోవలసి వచ్చింది. తూర్పు గోడ ఏదని అడగబోయేలోపే అర్థమైంది. తూర్పు గోడ వదిలేయమని నేను చెప్పలేదు, పిల్లలు పనివాడికి అన్ని గోడలూ అని చెప్పారు. అతను బంక కలిపిన చిక్కటి సున్నం రెండు పూతలు పూశాడు. ఒక్క పేరు కనపడలేదు. ఎంతమంది ఆడవాళ్ళు మేకు పట్టి రాసుకున్నారో, వాళ్ళందరినీ నేను ఫోన్లో ఒక్క మాటతో చెరిపేశాను.

బయటికి వచ్చి అక్క కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఏడుపు రాలేదు. అప్పుడే పక్క మండీలోంచి చంద్రప్ప వచ్చాడు. నలభై ఐదేళ్ళుంటాయి, తెల్లచొక్కా, చేతికి మామిడి సొన మరకలు.

"ఏం నాగవేణమ్మా, సున్నం బాగుండాదే. మా తాత గోడౌనును మీరే తుడిచి ఇస్తా ఉండారు, పుణ్యం."

"గోడౌనుకు పురుడుగది ఏంటికప్పా చంద్రప్పా? మీ తాత మామిడికాయలు కన్నాడా?" అంది అక్క.

అతను నవ్వాడు కానీ చెవులు ఎర్రబడ్డాయి. "మూడు గంటలకు తెలుస్తాది లేమ్మా" అని వెళ్ళిపోయాడు.

పదిన్నర దాటింది. నాకు చేతగాని వేళ నేను చేసే పని ఒకటే, దీపం పెట్టడం. సమాజంలో శుక్రవారం గడపకు పసుపు రాసి, దీపం పెట్టి, ఆ తర్వాతే మిషన్ తొక్కుతారు. "అక్కా, ఇంజినీరు వచ్చినా రాకున్నా ఈ రోజు శుక్రవారమే కదా" అన్నాను. పిల్లలు పసుపు గిన్నె తెచ్చి ఇచ్చారు. పసుపు నీళ్ళతో కలిపి లోపలి గడపకు రాశాను. లేవబోతే మోకాలు పట్టేసింది. తూలిపడకుండా తడి చెయ్యి గోడకు ఆన్చాను. ఆ గోడ తూర్పు గోడే.

చెయ్యి తీసేసరికి తెల్లటి సున్నం మీద నా అయిదు వేళ్ళూ ఎర్రగా పడి ఉన్నాయి.

పసుపు, సున్నం కలిస్తే ఎరుపవుతుందని మనకెవరికి తెలియదు? హారతి ఎర్రనీళ్ళు అలాగే కదా చేసేది. కానీ నేను చూసింది వేళ్ళను కాదు. అరచేయి పడినచోట, లేత ఎరుపు మధ్యలో ముదురు ఎరుపు గీతలు ఉన్నాయి. కొంగుతో మెల్లగా అద్దాను. పైపూత ఎరుపు కొంగుకు అంటుకుని వెలిసింది. గీతల్లో దిగినది మాత్రం అలాగే నిలిచింది. "మ్మ" అని ఒక అక్షరం.

"అక్కా" అన్నాను. నాకు తెలిసి నా గొంతు పైకి లేవలేదు, కానీ ఆమె పరుగెత్తి వచ్చింది.

ఆమె ఆ అక్షరం వెంట వేలు నడిపింది. "మేకు గీసిన చాళ్ళలో సున్నం మందంగా దిగుండాది. పసుపు ఆడ నిలుస్తా ఉండాది" అంది అక్క. మరుక్షణం ఆమె నలభై ఏళ్ళ టీచరమ్మ అయిపోయింది. "పిల్లా, ఆ పాత చీర తెచ్చి చింపు. పిల్లా, బకెట్టు. రత్నా, పసుపు ఎంతుండాది?"

గిన్నెలో ఉన్నది చారెడే. ఎదురుగా మెస్ ఉంది. మీరు వెళ్తే మధ్యాహ్నం అక్కడే తినండి, రాగి ముద్ద, పప్పుచారు అరవై రూపాయలకు కడుపు నిండా పెడతారు. వంట చేసే సాలమ్మ అప్పుడు సాంబారుకు తాలింపు వేస్తోంది.

"పసుపు కావల్ల సాలమ్మా. ఉండేదంతా."

"అంతా ఏంటికమ్మా? సాంబారు తెల్లగా పెట్టల్లా?"

విషయం చెప్పాను. ఆమె గరిటె పక్కన పెట్టి డబ్బా మొత్తం తెచ్చి నా చేతిలో పెట్టింది. "మా అత్త పేరు కూడా ఆడ ఉండాదంటారు. తెలిస్తే ఒక కేక వెయ్యండి. ఈ రోజు తెల్ల సాంబారే తినని అందరూ."

పన్నెండు నుంచి మూడు దాకా ఆ గోడ దగ్గరే ఉన్నాం. పని తీరు ఇది. ముందు ఒక చారలో పసుపునీళ్ళు పలచగా పట్టించాలి, ఎర్రబడేదాకా ఆగాలి, తర్వాత పిండిన తడిగుడ్డతో పై నుంచి కిందికి ఒకే ఒక్కసారి తుడవాలి. రుద్దితే పాత గార ఊడుతుంది. పసిపిల్ల ముఖం తుడిచినట్టు తుడవాలని అక్క పిల్లలకు చూపించింది. ఒక్కో చారకు ఒక్కో పేరు వచ్చేది. తెలుగులో, తమిళంలో, కన్నడంలో. సుబ్బమ్మ, అలమేలమ్మ, ఎల్లమ్మ. కొన్ని గుండ్రంగా, కొన్ని వంకరగా. ఒకామె పేరు రాసి పక్కన దీపం బొమ్మ వేసింది. సాలమ్మ అత్త పేరు కిటికీ పక్కన వచ్చింది. కేక వేశాం. ఆమె గరిటెతోనే వచ్చి చూసి, కళ్ళు తుడుచుకుని, "నాకు పేరు రాయను రాదు కానీ మా అత్తకు వచ్చుండె చూడు, నన్ను ఊరికే సతాయించలేదు" అని నవ్వి వెళ్ళింది.

రెండింటప్పుడు చంద్రప్ప గుమ్మంలో నిలబడ్డాడు. మా పసుపు చేతులకేసీ, ఎర్ర గోడకేసీ మార్చి మార్చి చూశాడు.

"ఏమ్మా ఇది, గోడకు పెండ్లి చేస్తా ఉండారా?"

"పెండ్లి కాదప్పా, బారసాల. పేర్లు పెడ్తా ఉండాం. ఉండు, బెల్లం ఇస్తాను" అంది అక్క వెనక్కి తిరగకుండానే.

ఒక్కటే వెలితి. మా అవ్వ పేరు రాలేదు. చెయ్యి అందినంత ఎత్తు తుడిచాం, బల్ల ఎక్కి తుడిచాం. గంగమ్మలు ఇద్దరు వచ్చారు కానీ ఒకామె శెట్టిగారి భార్య, ఇంకొకామె మంత్రసాని, పక్కన రాసే ఉంది. అవ్వ గొప్పలు చెప్పుకుందేమో అనిపించి సిగ్గేసింది. అలా అనుకున్నందుకు ఇంకా సిగ్గేసింది.

ఇంజినీరు మూడూ నలభైకి వచ్చాడు. బర్గూరు దగ్గరి మనిషి, ఇంట్లో తెలుగు మాట్లాడేవాడే. గోడ ముందు చాలాసేపు నిలబడి ఫోటోలు తీసుకున్నాడు. మాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు చంద్రప్ప నెమ్మదిగా అన్నాడు.

"సార్, పేర్లు ఉండేది నేను లేదనలేదు. మా తాత కూర్చోమన్నాడు, వీళ్ళు కూర్చున్నారు, రాసుకున్నారు. బస్సు సీటు మీద పేరు రాసినోడికి బస్సు ఇచ్చేస్తారా?"

ఇంజినీరు మా వైపు చూశాడు. "ఆయన చెప్పేదాంట్లో న్యాయం ఉండాదమ్మా. వీళ్ళు ఈడ ఉన్నారని గోడ చెప్తా ఉండాది. ఇల్లు ఎవరికోసం కట్టినారని చెప్పలేదే? ఈ గార ముద్దలన్నీ తర్వాత పూసినవి." అలా అని నిచ్చెన తెప్పించి, దూలం చూడటానికి పైకెక్కాడు. దూలం గట్టిగానే ఉందని, పెంకులు మారిస్తే సరిపోతుందని అన్నాడు. కానీ అతను దిగుతున్నప్పుడు అక్క ముఖం పొద్దుటి ముఖంలా అయిపోయింది.

నేను నిచ్చెన వైపు చూస్తూ ఉండిపోయాను. అందరికంటే పైన. అవ్వ చదువుకుని పైకి రాలేదు, పైన ఉన్నప్పుడే రాసింది. ఆమె సమాజానికి వచ్చింది క్లాసుకు కాదు. ఆ ఇల్లు కట్టేటప్పుడు గార మోయడానికి. ఆ రోజుల్లో సమాజం అమ్మలు మధ్యాహ్నం కూలీలు అన్నం తినే వేళకు వచ్చి అక్షరాలు నేర్పేవాళ్ళని ఆమె చెప్పేది. "పలక లేదే, గోడే నా పలక" అనేది. అదీ మేము నవ్విన మాటే.

"సార్, నిచ్చెన తీయొద్దండి. ఆ దూలం కింద గోడ తుడవల్ల."

"నాకు టైమ్ లేదమ్మా. నేను చేసేది తనిఖీ. గోడలు తుడిచేది నా పని కాదు."

"మీరు తుడవొద్దు సార్. నేను ఎక్కుతాను. మీరు నిచ్చెన పట్టుకోండి."

చంద్రప్ప పకపకా నవ్వాడు. "గమ్మనుండమ్మా, ఈ వయసులో పడితే మా మీదికి వస్తాది."

నేను చీర కుచ్చిళ్ళు దోపుకున్నాను. గుడ్డ భుజాన వేసుకుని, పసుపు గిన్నె ఒక చేత పట్టుకుని మెట్టుకొక పేరున అమ్మవారిని తలుచుకుంటూ ఎక్కాను. పదకొండు మెట్లు. ఐదో మెట్టు దగ్గర కిందికి చూస్తే ఇంజినీరు బ్యాగు పక్కన పడేసి రెండు చేతులా నిచ్చెన పట్టుకుని ఉన్నాడు. దూలం కింద సున్నం పనివాడు కూడా పైపైన కొట్టి వదిలేశాడు. పసుపు పట్టించాను. ఆగాను. ఒకసారి తుడిచాను.

అక్కడ గార ముద్ద లేదు. ఇల్లు కట్టినప్పుడు పూసిన అసలు పూతలోనే, తాపీ కొనతో గీసినట్టు లావు అక్షరాలు. నేను పుట్టాక అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. వీధిలో వాళ్ళకు కూడా వినపడాలని చదివాను.

"గంగమ్మ. సమాజం గోడ. గార మోసినాను."

నేను దిగాక ఇంజినీరు తానే పైకెక్కాడు. వేలితో అక్షరాల అంచులు తడిమాడు. ఎండిన గోడను గీస్తే అంచు పెచ్చులు పెచ్చులుగా రాలుతుందనీ, ఇక్కడ అంచు మెత్తగా పైకి లేచి ఉందనీ, అంటే పూత పచ్చిగా ఉన్నప్పుడే రాసిందనీ పై నుంచే చెప్పాడు. అంత ఎత్తుకు చెయ్యి అందాలంటే పరంజా కట్టి ఉండాలి, పరంజా ఉన్నది ఇల్లు కట్టేటప్పుడే అని కూడా అన్నాడు.

"పూత ఆరకముందే ఇది సమాజం గోడ అయిందన్నమాట" అంది నాగవేణమ్మక్క.

చంద్రప్ప మాత్రం ఊరుకోలేదు. "ఎవరో కూలి మనిషి రాసిందానికి ఏం విలువ సార్?"

జవాబు నేనే చెప్పాను. గొంతు మళ్ళీ ఎప్పటిలా మెత్తగా అయిపోయింది, కానీ నేను ఆగలేదు. "ఆ కూలి మనిషి మా అవ్వ అప్పా. అబద్ధం రాసేంత చదువు ఆమె చదువుకోలేదు. తన పేరు, గోడ ఎవరిదో, తానేం మోసిందో, అంత మటుకే నేర్చుకునె. అదే రాసింది. మీ తాతకు చదువు వచ్చుండె కదా. ఆయన ఈ ఇంట్లో యాడైనా ఒక అక్షరం రాసుంటే చూపించు, ఆడ కూడా పసుపు పూస్తాను."

అతను గోడకేసి ఒకసారి చూసి మండీలోకి వెళ్ళాడు. ఇంజినీరు అరుగు మీద కూర్చుని రిపోర్టు రాశాడు. కట్టినప్పటి పూతలోనే సమాజం పేరు ఉందని, కప్పు బాగుచేస్తే ఇల్లు నిలుస్తుందని, విచారణ ముగిసేదాకా పడగొట్టకూడదని రాసి మాకు చదివి వినిపించాడు. "నా చేతిలో ఉండేది ఇంతేనమ్మా. పైన వాళ్ళు ఏమంటారో చెప్పలేను" అన్నాడు. అక్క అతనికి బెల్లం ముక్క పెట్టింది. పసుపు అంటిన వేళ్ళతోనే తీసుకున్నాడు.

నేను సంచి సర్దుకుంటుంటే అక్క గార గిన్నెతో వచ్చింది. నిచ్చెన ఎక్కినవాళ్ళకు కూడా ఆచారం వర్తిస్తుందట. తూర్పు గోడ మీద, శెట్టిగారి భార్యకూ ఎల్లమ్మకూ మధ్య ఖాళీలో అరచేయంత గార పూసి, మేకు నా చేతికిచ్చింది. మునిరత్నమ్మ అని రాశాను. ఎన్నో పేపర్ల మీద సంతకం చేసిన చెయ్యే, అయినా ఒక్కో అక్షరం ఆగి ఆగి రాసింది. పిల్లలు ఎర్రనీళ్ళు తిప్పారు. ఐదున్నరకు బయటికి వస్తే పొద్దుటి ఆటో వీధి చివర ఆగి ఉంది.

"ఆడనే ఉండాదే" అన్నాడతను ఇంటిని చూస్తూ.

"చెప్పినాను కదప్పా."

బస్టాండుకు ఇరవై రూపాయలు తీసుకోలేదు. ఏడున్నరకు హోసూరులో ఇంట్లో ఉన్నాను.

ఇది గెలుపని రాయడం లేదు. విచారణ ఉంది, తిరగాలి. నేను మెత్తగా మాట్లాడే మనిషినని అందరూ అంటారు. మెత్తగా మాట్లాడుతూనే ప్రతి శుక్రవారం ఆ ఏడు గంటల బస్సు ఎక్కుతున్నాను. మేము అక్కడ దీపం పెట్టి మిషన్లు తొక్కినన్నాళ్ళు దాన్ని ఎవరూ పాడుబడ్డ ఇల్లు అనలేరు. కుళాయి కోసం మెట్లెక్కిన ఆ ఆడవాళ్ళ పేర్లు ఊళ్ళో ఏ వీధికీ లేవు, ఏ రాతి పలక మీదా లేవు. గోడ మీద ఉన్నాయి. పసుపు ఎరుపు ఎండకు కొన్నాళ్ళలో వెలిసిపోతుంది, అందుకే పిల్లలు ప్రతి పేరుకూ ఫోటో తీసి పెట్టారు. ఎరుపు పోయినా గీత పోదు. మా అవ్వ గొప్ప చెప్పుకోలేదు, నిజం చెప్పింది. దాన్ని నమ్మడానికి నాకు పదకొండు మెట్లు పట్టాయి, ఇక మీదట ఆ మెట్లు నేను దిగను.

వెళ్ళాలనుకునేవాళ్ళు శుక్రవారం పది తర్వాత వెళ్ళండి, తలుపు తీసే ఉంటుంది. ఒక్క సలహా. మీ ఊళ్ళో కూడా ఇలాంటి పాత ఇల్లు ఉంటే, శుభ్రం చేయాలని చెయ్యి పెట్టేముందు మధ్యాహ్నం కిటికీలు మూసి, సెల్‌ఫోన్ టార్చి గోడకు ఆన్చి పక్క నుంచి వెలుగు వేయండి. గీతలుంటే నీడ పడుతుంది. ఆ తర్వాతే సున్నం సంగతి.